చిట్టా, ఆవర్జా, మన సంఘం మెయిలు సర్వరు

మేము రాసే తెలుగులో తప్పులుంటే మన్నించండి. బడిలో చదివింది తమిళమే. ఈ అక్షరాలు రైల్వేలో చేరినాక సూళ్ళూరుపేట, నాయుడుపేట దిక్కు డ్యూటీకి పోయినప్పుడు స్టేషను బోర్డులు చూసి, ఇంటికి వచ్చి అమ్మను అడిగి నేర్చుకొన్నవి.

పోయిన కార్యవర్గ సమావేశంలో ఖర్చుల పట్టిక చదువుతూ ఉంటే ఒక పద్దు దగ్గర అందరమూ ఆగినాము. "మెయిలు సర్వరు డేటాబేసు నిర్వహణ, థర్డ్ పార్టీ సాఫ్టువేరు, సంవత్సర చందా" అని ఉండింది. ఒక పెద్దాయన "థర్డ్ పార్టీ అంటే బండి ఇన్సూరెన్సు కదా, దీనికెందుకు?" అని అడిగినారు. నవ్వినాము. అయినా ఆ ప్రశ్న సరైనదే. సర్వరు ఒకరిది, దానిలోని ఎక్స్ఛేంజి అనే మెయిలు ప్రోగ్రాము మైక్రోసాఫ్టుది, ఇక మధ్యలో ఈ మూడో మనిషి ఎవరు, ఆయన చేసే పని ఏమిటి? ఈ విషయంలో మన సంఘం ఒకసారి బాగా దెబ్బ తిన్నది. కొత్తగా చేరిన పిల్లలకు ఆ కథ తెలియదు. అందుకే ఈ విషయం మొదటి నుంచి రాస్తున్నాము. బెంగుళూరులో మెయిలు సర్వర్లు చూసుకొనే మా అక్క కొడుకు చెప్పినది, మేము చదివి అర్థం చేసుకొన్నది, రెండూ కలిపి.

ముందు ఆ డేటాబేసు ఎట్లా పని చేస్తుందో చూద్దాం. పాత షావుకార్ల కొట్టులో రెండు పుస్తకాలు ఉండేవి. ఎవరు వచ్చి ఏమి ఇచ్చినా, ఏమి తీసుకొన్నా, ఆ నిమిషమే వరుసగా రాసేది చిట్టా. తీరిక దొరికినప్పుడు దానిలో నుంచి మనిషి మనిషికీ విడిగా ఎక్కించేది ఆవర్జా. మా తమిళ పాఠాల్లో ఈ రెండోదాన్ని పేరేడు అన్నారు. పార్సెలు ఆఫీసులో మేమూ ఇదే పద్ధతిలో బతికినాము. ఎక్స్ఛేంజి కూడా ఇంతే. మెయిలు రాగానే మొదట లాగ్ ఫైలులో పడుతుంది, అది చిట్టా. తరువాత ఈడీబీ అనే పెద్ద ఫైలులో దాని తావుకు ఎక్కుతుంది, అది ఆవర్జా. ఎక్కడివరకు ఎక్కించినామో గుర్తు పెట్టుకోవడానికి చెక్‌పాయింటు అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. కరెంటు పోయి సర్వరు దబ్బున ఆగితే ఆవర్జా అరకొరగా ఉండిపోతుంది. పరవాలేదు, చిట్టా ఉంది కదా. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు చెక్‌పాయింటు నుంచి చిట్టా చదువుకొని మిగిలినవి తనే ఎక్కించుకొంటుంది. మనిషి చెయ్యి పెట్టవలసిన పని లేదు.

ఈ ఒక్క ముక్క మనకు 2008లో తెలిసి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు.

రెండో సంగతి. ఆవర్జాలో ఒక పద్దు కొట్టివేస్తే పుస్తకం మందం తగ్గదు. ఆ పేజీ ఖాళీ అవుతుంది, తరువాత వచ్చే పద్దు అక్కడ రాసుకొంటాము. ఈడీబీ ఫైలూ అట్లే. పది వేల మెయిళ్ళు చెరిపినా ఫైలు సైజు అంతే ఉంటుంది, లోపల తెల్ల కాగితం మాత్రం పెరుగుతుంది. ఆ తెల్ల కాగితాలను తీసివేసి పుస్తకాన్ని కొత్తగా కుట్టించడానికి సర్వరును ఆపి చేసే పని ఒకటి ఉంది. దానికి ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ అని పేరు. మైక్రోసాఫ్టు వాళ్ళు దానికి పనిముట్టు తామే ఇచ్చినారు. 4.0, 5.0 కాలంలో ఈడీబీయూటిల్, 5.5 నుంచి ఈఎస్ఈయూటిల్. నల్ల తెర మీద టైపు చేసి నడిపించే ప్రోగ్రాము. స్లాష్ డి కొడితే ఖాళీ తీసివేస్తుంది, స్లాష్ ఆర్ కొడితే చిట్టా చదివి ఎక్కిస్తుంది, స్లాష్ పి కొడితే... దాన్ని గురించి తరువాత.

ఇప్పుడు కాలక్రమం. ఎక్స్ఛేంజి 4.0 వచ్చింది 1996లో. 5.5 వచ్చింది 1997 చివర. ఈ 5.5 లో మామూలు కొనుగోలుదారులకు ఇచ్చే స్టాండర్డ్ రకానికి ఒక కట్టుబాటు ఉండింది. డేటాబేసు 16 జీబీ దాటరాదు. 1997లో 16 జీబీ అంటే సముద్రం. మన ఆఫీసుల్లో అప్పుడు కంప్యూటరు డిస్కు 2 జీబీ ఉంటే గొప్ప. అయితే ఎక్స్ఛేంజి 2000 వచ్చింది, ఎక్స్ఛేంజి 2003 వచ్చింది, ఉత్తరాలకు ఫొటోలు తగిలించి పంపడం మొదలైంది, ఈ 16 మాత్రం కదలలేదు. హద్దు తగిలితే స్టోరు తనంతట తాను మూసుకొనేది. రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి ఇంకొక 1 జీబీ తాత్కాలికంగా తెచ్చుకోవచ్చు. ఆ సందులో పాత మెయిళ్ళు చెరిపి, ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ చేసి, మళ్ళీ 16 లోపలికి రావలె. ఆ కాలంలో హద్దు చూసేటప్పుడు లెక్కకు తీసుకొన్నది ఫైలు మొత్తం సైజు, లోపల ఎంత తెల్ల కాగితం ఉందని చూడలేదు. కనుక చెరిపినంత మాత్రాన ఊరట లేదు, పుస్తకం కొత్తగా కుట్టవలసిందే.

ఆ పని అంత సులభం కాదు. డేటాబేసు ఎంత ఉంటే దానికి 110 శాతం ఖాళీ జాగా డిస్కులో ఉండవలె. అది నడిచినంతసేపూ ఎవరికీ మెయిలు ఉండదు. ఆదివారం రాత్రి ఒక మనిషి మేలుకొని కూర్చోవలె. బయటి కంపెనీలు ప్రవేశించింది ఈ సందులోనే. "మీరు నిద్రపోండి. మా సాఫ్టువేరు రాత్రి తానే స్టోరు ఆపి, పరీక్షించి, బాగు చేసి, కుట్టి, తెల్లవారేసరికి తెరిచి పెడుతుంది" అన్నారు. వాటిలో చాలావరకు లోపల పరుగెత్తేది మైక్రోసాఫ్టువారి ఈఎస్ఈయూటిల్, ఐసింటెగ్ అనే పనిముట్లే. పైన ఒక టైంటేబులు, ఒక రిపోర్టు, ఒక అందమైన తెర. అది మోసం అని మేము అనము. గ్యాంగ్‌మేను చేతికి సుత్తి రైల్వేది, సరైన వేళకు లేపి పంపే మేస్త్రీకీ జీతం ఇస్తాము కదా. ఆ 16 జీబీ కాలంలో ఆ మేస్త్రీకి పని ఉండింది.

రైల్వేలో పనిచేసిన వాళ్ళకు ఈ మాట ఇంకా సులభంగా నచ్చుతుంది. పెట్టె బాగున్నా బాగులేకున్నా గడువు వస్తే పెరంబూరు వర్క్‌షాపుకు పోయి విప్పి బిగించుకొని రావలసిందే. పీఓహెచ్ అంటాము. యంత్రాన్ని గడువు ప్రకారం విప్పకపోతే ప్రమాదం అని మా రక్తంలో ఉంది. అందుకే ఒక సేల్స్ మనిషి వచ్చి "డేటాబేసుకు కూడా ఓవరాలు కావలె సార్" అన్నప్పుడు మేము తల ఊపినాము. ఆ తల ఊపుడే తప్పు. పెట్టె చక్రం తిరిగితే అరుగుతుంది. ఆవర్జాలోని అంకె ఎన్నిసార్లు చదివినా అరగదు. అరిగేది కింద ఉండే డిస్కు.

పైగా ఎక్స్ఛేంజి తన రోజువారీ పని తానే చేసుకొంటుంది. 2000, 2003 లో మామూలుగా రాత్రి 1 గంట నుంచి 5 గంటల వరకు ఆన్‌లైన్ మెయింటెనెన్సు అని ఒకటి నడిచేది. చెరిపినవాటిలో గడువు తీరినవి తీసివేసి, ఖాళీ పేజీలను ఒక తావుకు చేర్చి, చివరికి ఈవెంటు లాగులో 1221 అనే నంబరుతో "ఇన్ని మెగాబైట్లు ఖాళీ ఉంది" అని రాసేది. సర్వరు ఆగేది కాదు. ఎక్కడ చెడేదంటే, ఆ వేళకే బ్యాకప్పు పెట్టేవాళ్ళు జాస్తి. బ్యాకప్పు మొదలైతే ఈ డీఫ్రాగ్ ఆగిపోతుంది. నెలల కొద్దీ అది పూర్తి కాకనే ఉండిపోయేది, డేటాబేసు ఉబ్బేది, బయటి సాఫ్టువేరు కొనవలె అని తోచేది. బ్యాకప్పు వేళను రెండు గంటలు జరిపితే సరిపోయే వ్యాధికి అంత పెద్ద మందు. మైక్రోసాఫ్టు వాళ్ళు కూడా ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ అలవాటుగా చేయవద్దనే చెప్పుతూ వచ్చినారు. చాలా మెయిలుబాక్సులు వేరే తావుకు తరలించినప్పుడు, లేదా గట్టి మరమ్మతు చేసినాక, అప్పుడు మాత్రమే.

2005 అక్టోబరులో ఎక్స్ఛేంజి 2003కు సర్వీస్ ప్యాక్ 2 వచ్చింది. ఉచితం. స్టాండర్డ్ హద్దు 75 జీబీ వరకు పెంచుకోవచ్చు. వేసిన వెంటనే 18 ఉంటుంది, రిజిస్ట్రీలో ఒక అంకె మారిస్తే 75 అవుతుంది. ఇంకా ముఖ్యం, హద్దు లెక్కలో తెల్ల కాగితాన్ని తీసివేసి చూడడం మొదలుపెట్టినారు. అంటే మెయిళ్ళు చెరిపితే చాలు. ఆదివారం రాత్రి జాగరణకు ఉండిన కారణం ఆ రోజుతో పోయింది. కారణం పోయినా చందాలు మాత్రం పోలేదు.

ఇక మన కథ. ఒక దాత ఇచ్చిన స్మాల్ బిజినెస్ సర్వరు 2003 మన ఆఫీసులో ఉండింది, దానిలోనే ఎక్స్ఛేంజి 2003 స్టాండర్డ్. జాతకాలు, పత్రిక ప్రూఫులు, పెళ్ళి ఫొటోలు, అన్నీ ఆ మెయిల్లోనే. వాటికంటే విలువైనది ఇంకొకటి ఉండింది. కోవిల్‌పట్టి, సాత్తూరు చుట్టుపట్ల పల్లెల్లో మన పెద్దవాళ్ళు చెప్పగా మనుమలు రాసి, స్కాను చేసి పంపిన ఇంటిపేర్ల పట్టికలు. ఏ ఇంటివాళ్ళు ఎన్ని తరాల కింద ఏ ఊరు నుంచి వచ్చినారని చెప్పుకొంటారో, కులదేవత ఎవరో, ఎవరికి ఎవరు పంగాళ్ళో. ఒక్కొక్క మెయిలు ఒక్కొక్క ఇల్లు. అచ్చు వేస్తామని చేర్చి పెట్టినాము.

2007లో 16 తగిలి స్టోరు మూసుకొన్నది. సర్వీస్ ప్యాక్ 2 వచ్చి అప్పటికే రెండేండ్లు. వేసినవాడు లేడు. సర్వీసుకు వచ్చినవాడు ఒక సాఫ్టువేరు అమ్మినాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, తప్పు మనది. ఆదివారం ఆదివారం అది స్టోరును ఆపి డీఫ్రాగ్ చేసేది, పచ్చ టిక్కు గుర్తులతో రిపోర్టు అచ్చు వేసేది. ఆ రిపోర్టులను మేమే ఫైలులో కుట్టినాము. గుమాస్తా బుద్ధి, కాగితం వచ్చింది కదా అని తృప్తి.

2008లో తమిళనాట కరెంటు కోతలు మీకందరికీ జ్ఞాపకం ఉంటాయి. యూపీఎస్ బ్యాటరీ పాతది. ఒక రోజు పట్టపగలు సర్వరు ఆగిపోయింది. కరెంటు వచ్చినాక స్టోరు వెంటనే తెరుచుకోలేదు, చిట్టా చదువుకొంటూ ఉండిందేమో, డిస్కు నిండిందేమో, ఎవరూ లాగు చూడలేదు. సర్వీసు మనిషి వచ్చి చూసి "డర్టీ షట్‌డౌన్" అని ఉందన్నాడు. ఆ మాట వినగానే మాకు భయం పట్టింది. దాని అర్థం చిట్టాలో ఉన్నది ఆవర్జాకు ఇంకా ఎక్కలేదని, అంతే. చిట్టా పక్కనే ఉంది. ఆయన స్లాష్ ఆర్ కొట్టలేదు. అమ్మిన సాఫ్టువేరులో "రిపేర్" అనే బొత్తాము నొక్కినాడు. లోపల పరుగెత్తింది స్లాష్ పి.

స్లాష్ పి చేసే పని మా అక్క కొడుకు తరువాత వివరించినాడు. "మామా, అది బాగు చేసేది కాదు. లెక్క కుదరని పేజీని చింపి పారవేసి, మిగిలిన పుస్తకాన్ని కుదిరినట్టు కుడుతుంది. ఒకసారి అది నడిచినాక పాత చిట్టాను ఆ పుస్తకం ఒప్పుకోదు. మీ దగ్గర కాపీ లేకుండా దాన్ని తాకరాదు" అన్నాడు. కాపీ ఉందా? రోజూ రాత్రి బ్యాకప్పు నడుస్తున్నదనే అందరి నమ్మకం. చూస్తే అది మామూలు ఫైలు కాపీ. స్టోరు నడుస్తూ ఉన్నప్పుడు ఈడీబీ ఫైలు తెరిచి ఉంటుంది కనుక "ఫైలు వాడుకలో ఉంది, వదిలివేసినాము" అని ప్రతి రాత్రీ రాసి, మిగతావన్నీ కాపీ చేసి, "ముగిసింది" అన్నది. 14 నెలలు. ఎక్స్ఛేంజిని సరిగ్గా కాపీ చేసే ఎన్‌టీబ్యాకప్ అదే సర్వరులో, అదే విండోసులో ఉచితంగా ఉండింది.

స్టోరు తెరుచుకొన్నది. చాలా మెయిళ్ళు ఉండినవి. కొన్ని మెయిళ్ళకు తగిలించిన ఫైళ్ళు లేవు. పట్టికల్లో దాదాపు మూడో భాగం తెరిస్తే ఏమీ లేదు. మళ్ళీ చెప్పించుకొందామని ఫోను చేస్తే, కొన్ని ఇండ్లలో ఆ పెద్దవాళ్ళు లేరు.

దీని మీద కోపంతో బయటి సాఫ్టువేరు అంతా చెడ్డదని రాయడం సులభం. అట్లా రాస్తే చరిత్రకు అన్యాయం. మైక్రోసాఫ్టువారి పనిముట్టు లేని తావు కొన్నిసార్లు నిజంగానే ఉండింది. ఎక్స్ఛేంజి 2000లో ఒక్క మనిషి మెయిలుబాక్సు మాత్రం పాత బ్యాకప్పు నుంచి తీయవలె అంటే వేరే సర్వరు ఒకటి కట్టి, మొత్తం డేటాబేసు దానిలో ఎక్కించి తీయవలె. ఒక్క ఉత్తరానికి ఒక తపాలాఫీసు కట్టినట్టు. అప్పుడు ఈడీబీ ఫైలును నేరుగా తెరిచి మెయిళ్ళు బయటికి తీసే బయటి సాఫ్టువేర్లకు విలువ ఉండింది. 2003లో రికవరీ స్టోరేజ్ గ్రూప్ అని లోపలే ఏర్పాటు చేసినాక ఆ అవసరం చాలా తగ్గింది. ఇంకొకటి, విండోస్ సర్వరు 2008 వచ్చినప్పుడు ఎన్‌టీబ్యాకప్‌ను తీసివేసినారు. దాని తావులో వచ్చిన కొత్త బ్యాకప్పుకు ఎక్స్ఛేంజి డేటాబేసును సరిగా తీయడం తెలియదు. 2009 ఆగస్టులో ఎక్స్ఛేంజి 2007 సర్వీస్ ప్యాక్ 2 ఇచ్చి ఆ లోపం సరిచేసేవరకు, చిన్న ఆఫీసులు ఆ విండోసు మీద బయటి బ్యాకప్పు కొనక తప్పలేదు. ఆ కాలంలో కొన్నవాళ్ళు తెలివైనవాళ్ళే.

మైనస్ 1018 అనే తప్పు గురించి కూడా చెప్పవలె, ఎందుకంటే ఆ అంకె చూపించే జాస్తి సాఫ్టువేర్లు అమ్మినారు. ఎక్స్ఛేంజి ప్రతి పేజీకీ కూడిక లెక్క ఒకటి వేసి పక్కన రాసి పెడుతుంది. చదివేటప్పుడు మళ్ళీ కూడితే తేడా వస్తే ఈ మైనస్ 1018. క్యాష్ బుక్కు కూడిక కుదరనట్టే. దాదాపు ఎప్పుడూ కారణం కింద ఉండేది, డిస్కు, కంట్రోలరు, దాని డ్రైవరు. తాను రాసిన అంకె డిస్కు మీద మారిపోయి ఉంటే, పైన ఏ సాఫ్టువేరు వచ్చి ఏమి చేయగలదు? పేజీ చింపవచ్చు. మళ్ళీ రేపు ఇంకొక పేజీ. చేయవలసింది డిస్కు మార్చి, మంచి బ్యాకప్పు ఎక్కించి, చిట్టా నడపడం. 2003 సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఒక్క బిట్టు మాత్రం తారుమారైతే దాన్ని తానే దిద్దుకొనే ఉపాయం పెట్టినారు. అంతకు మించి నష్టమైతే మిగిలింది బ్యాకప్పే. వైరస్ పట్టే సాఫ్టువేరును ఈ ఫోల్డరు మీద వదలకుండా మినహాయింపు పెట్టడమూ ఇంతే ముఖ్యం. చిట్టాలోని ఒక ఫైలును వైరస్ అనుకొని ఎత్తుకొని పోతే చిట్టా వరుస తెగిపోతుంది.

2010 తరువాత చరిత్ర త్వరగా చెప్పవచ్చు. ఎక్స్ఛేంజి 2010లో డీఏజీ అని, ఒకే డేటాబేసుకు వేరు వేరు సర్వర్లలో కాపీలు పెట్టి, చిట్టాను ఎప్పటికప్పుడు పంపి అన్నిటినీ సమంగా ఉంచే పద్ధతి వచ్చింది. ఒక కాపీలో పేజీ చెడితే ఇంకొక కాపీ నుంచి మంచి పేజీ తెచ్చుకొని అతికించుకొంటుంది. పేజీ సైజు 2003 వరకు 4 కేబీ, 2007లో 8, 2010లో 32 అయింది. డీఫ్రాగ్ రాత్రి 1 నుంచి 5 అని లేకుండా ఎప్పుడూ నడిచేదైంది. మెయిలుబాక్సు లోపలి చిక్కులను స్టోరు మూయకుండానే సరిచేసే ఆజ్ఞ 2010 సర్వీస్ ప్యాక్ 1లో వచ్చి ఐసింటెగ్‌ను పక్కకు నెట్టింది. డేటాబేసు మరీ ఉబ్బితే కొత్త డేటాబేసు పెట్టి, వాడుకరి మెయిలు చూస్తూ ఉండగానే మెయిలుబాక్సులను అందులోకి తరలించి, పాతదాన్ని పారవేయవచ్చు. పుస్తకం కొత్తగా కుట్టడం కంటే కొత్త పుస్తకం తెరవడం మేలు. 1996 నుంచి బయటివాళ్ళు నిలబడిన ప్రతి సందునూ కంపెనీ ఒక్కొక్కటిగా పూడ్చుకొంటూ వచ్చింది.

మరి ఇప్పటి పద్దు? ఇప్పుడు మన దగ్గర ఉండేది ఎక్స్ఛేంజి 2016. 2016కూ 2019కీ మైక్రోసాఫ్టు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇక చందా కట్టే సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కు పోవలె, లేదా మెయిలును వాళ్ళ మేఘంలోనే పెట్టవలె. మద్దతు లేని సర్వరుకు డీఫ్రాగ్ సాఫ్టువేరు కొనడం, ఇల్లు కారుతూ ఉంటే గోడకు సున్నం కొట్టడం. అందుకని కార్యవర్గంలో మేము ఆ పద్దును కొట్టివేయమని అడిగినాము. ఆ డబ్బుతో రెండు డిస్కులు, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ, మిగిలితే మార్పిడి ఖర్చుకు. ఒక సభ్యుడు "అయితే పచ్చ టిక్కు రిపోర్టు ఉండదే, ఆడిటరు అడిగితే?" అన్నారు. దానికి బదులు, నెలకొకసారి బ్యాకప్పు నుంచి ఏదో ఒక మెయిలుబాక్సును వేరే తావులో తెరిచి, ఒక పాత మెయిలును దానికి తగిలించిన ఫైలుతో సహా చదివి, తేదీ వేసి సంతకం చేసే రిజిస్టరు పెట్టినాము. మొదటి సంతకం మాదే. తెరిచి చూసిన మెయిలు 2006 నాటిది, సాత్తూరు పక్కన ఒక పల్లె నుంచి వచ్చిన పట్టిక, నాలుగు పేజీలు, నాలుగూ ఉన్నవి.

పోయిన పట్టికల ఊళ్ళ పేర్లు మా దగ్గర రాసి ఉన్నవి. సంక్రాంతి సెలవుల్లో మా అక్క కొడుకు, ఇంకా ఇద్దరు పిల్లలు నోటుబుక్కులు పట్టుకొని పోతామన్నారు. ఆ దిక్కు బంధువులు ఎవరైనా ఉంటే, ఇంట్లో ఎనభై దాటిన పెద్దలు ఉంటే, మాకు ఒక మాట చెప్పండి.